నడిచే మేడ

ఆ మేడ రాత్రిళ్లు నడుస్తుందని ఆ వీధిలో నమ్మనివాళ్లు లేరు.

భూకంపం వచ్చి నాలుగు రోజులైంది. వీధి చివరి మైదానంలో గుడారాలు వేసుకుని పడుకుంటున్నవాళ్లంతా ఆ చప్పుడు విన్నారు. శిథిలాలు ఎత్తే యంత్రాలు పని ముగించి, వీధి సద్దుమణిగాక అది మొదలయ్యేది. కాసేపు గుడ్‌గుడ్‌మని, ఆగి, మళ్లీ గుడ్‌గుడ్‌మని. పాల దుకాణం ఆవిడ, మేడ పళ్లు కొరుకుతోందని చెప్పింది. ఇస్త్రీ బండి మనిషి ఇంకాస్త ముందుకెళ్లి, మొదటి రోజుకూ ఇప్పటికీ మేడ జానెడు వీధిలోకి జరిగిందని ప్రకటించాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావని అతణ్ణి ఎవరూ అడగలేదు. భయపడిన మనిషి చెప్పే లెక్కను కూడి చూసే అలవాటు లోకంలో లేదు.

పుకారుకు శాస్త్రం కూడా తోడు వచ్చింది. భూకంపానికి మేడ వెనక మెట్లు కూలాయి. కట్టడాల ఇంజనీరు కింది అంతస్తులో, వెనక గోడకు పడిన పగులు మీద అడ్డంగా ఒక సన్నటి గాజు పలక పెట్టి, దాని రెండు కొసలనూ ప్లాస్టర్ ముద్దతో గోడకు అతికించాడు. పాతకాలం పద్ధతే కానీ మంచి పద్ధతి. గోడ కదిలితే గాజు విరుగుతుంది, నిలిస్తే నిలుస్తుంది. రోజూ కొత్త పలక పెట్టినా, మూడు రోజులూ ఉదయం వచ్చి చూస్తే గాజు విరిగి ఉంది. కదులుతున్న మేడలోకి గాలింపు జట్టును పంపకూడదని నియమం. ఇంజనీరు తాడు కట్టించి, మనుషుల్ని దూరం జరిపి, నాలుగో రోజు మధ్యాహ్నం మేడను కూల్చెయ్యాలని ఉత్తర్వు ఇచ్చాడు. కూల్చే యంత్రం అప్పటికే వచ్చి, ఇంజను నడుస్తుండగానే గుమ్మం ఎదుట నిలబడింది.

ఆ సమయానికి ఎందుకమ్మ అక్కడికి చేరింది.

ఆమె అసలు పేరు పింఛను ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అగ్నిమాపక శాఖలో, కాలిపోయిన ఇంట్లో నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చే ఉద్యోగం చేసింది. ప్రతి మాటకూ ‘ఎందుకు’ అని అడ్డు తగిలి పైఅధికారుల ప్రాణాలు తోడేసినందుకు దక్కిన బిరుదు అది. ఉద్యోగం పోయినా బిరుదు పోలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి కాళ్లావేళ్లా పడితే ప్రైవేటుగా ఆరా తీసి పెడుతుంది. ఈసారి పిలిపించింది, భూకంపం నాటి నుంచి కనిపించని తాళాల మేస్త్రికి అక్క.

ఆవిడ తాడును పట్టుకుని నిలబడి ఉంది. ఏడుపు ఎప్పుడో అయిపోయిన ముఖం.

“మా తమ్ముడు లోపలున్నాడమ్మా. వీళ్లు కూల్చేస్తామంటున్నారు.”

“లోపలున్నాడని ఎందుకనుకుంటున్నావు?”

“ఆ పొద్దున మందులాయన మేడలో తాళం పనుందని వెళ్లాడు. అన్నానికి వస్తానన్నాడు. ఆ తర్వాత భూకంపం.”

“వస్తానన్న మనిషి రాకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. ఇంట్లో గొడవేమైనా జరిగిందా?”

“జరిగింది. కూరలో ఉప్పెక్కువైందన్నాడు. రేపట్నుంచి నువ్వే వండుకోరా అన్నాను. మా ఇంట్లో అంతకు మించిన గొడవలు జరగవమ్మా.”

“ఆసుపత్రులు?”

“అన్నీ చూశాను. శవాలు పెట్టిన చోట్లు కూడా చూశాను. ముసుగు తీసి చూడమన్న ప్రతి ముఖమూ చూశాను.” ఆవిడ మేడ వైపు చూపించింది. “ఇంకెక్కడా లేడు కాబట్టి ఇక్కడున్నాడు.”

ఎందుకమ్మ ఆవిడ ముఖంలోకి ఓసారి పరిశీలనగా చూసింది. ఆ రోజు ఆ వీధిలో ఆమె విన్న మాటల్లో తర్కానికి నిలిచిన మొదటి మాట అది.

మేడ యజమాని మందుల టోకు వ్యాపారి. అందరూ మందులాయన అంటారు. ఎదుటి వరండా నీడలో కుర్చీ వేయించుకుని, తన ఆస్తి నేలమట్టం కావడాన్ని చూడటానికి కూర్చున్నాడు. ఎందుకమ్మ ఇంకో కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“తాళాల మేస్త్రి మీ దగ్గర ఏ తాళం బాగుచేశాడండీ?”

“ముందు షట్టర్‌ది. పట్టేస్తోందని పిలిపించాను. విప్పాడు, తుడిచాడు, నూనె పోశాడు, బిగించాడు. పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఇది పోలీసులకు కూడా చెప్పాను.”

“వెళ్లడం మీరు చూశారా?”

“గుమ్మం దాకా సాగనంపాను. ఆ తర్వాత కాసేపటికే భూమి ఊగింది. వాడి అదృష్టం.”

“అంత అదృష్టవంతుడు ఇంటికి చేరలేదెందుకు?”

“ఊళ్లో కూలినవి నా ఒక్కడి గోడలేనా? దారిలో ఏ గోడ కిందో...” ఆయన చేత్తో గాలిని తోసేశాడు. “పాపం ఆ అక్కగారికి చెప్పండి. ఇక్కడ కూర్చుని ప్రయోజనం లేదని.”

“మెట్ల కింద గదులకు కూడా తాళాలుంటాయి. మీ మెట్ల కింద ఏముందండీ?”

“వెనక మెట్ల కిందా? మట్టి. ఎలుకలు చేరుతున్నాయని పూడ్పించేశాను.”

“మీ మేడకు ముందు కూడా మెట్లున్నాయి. నేను ఏ మెట్లో చెప్పలేదు.”

మందులాయన కుర్చీలో ముందుకు జరిగాడు. “కూలినవి వెనకవే కదమ్మా! ఎవరైనా వాటి గురించే అడుగుతారు.”

“నిజమే” అంది ఎందుకమ్మ. జవాబు సబబుగానే ఉంది. సబబుగా ఉన్న జవాబులంటే ఆమెకు ప్రత్యేకంగా గౌరవమూ లేదు, అనుమానమూ లేదు. లేచి వెళ్లి షట్టర్ ముందు వంగి కూర్చుంది.

షట్టర్ పాతికసార్లు రంగు వేసినట్టు మందంగా ఉంది. తాళం పలక మీద కూడా అదే ఆకుపచ్చ రంగు. పలకను పట్టి ఉంచిన నాలుగు మరలనూ ఆమె గోటితో గీరి చూసింది. స్క్రూడ్రైవర్ మొన ఆనాల్సిన గాడుల నిండా రంగు గడ్డకట్టి ఉంది. ఆ రంగు పగలకుండా వాటిని తిప్పడం ఎవరివల్లా కాదు. ఈ తాళాన్ని ఏళ్ల తరబడి ఎవరూ విప్పలేదు.

మేస్త్రి ఈ మేడలో తాళం పని చేసిన మాట నిజమైతే, అది ఇంకో తాళం. ఆ తాళం గురించి చెప్పడం యజమానికి ఇష్టం లేదు.

“మళ్లీ మీరేనా?”

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు ఇంజనీరుది. ఇద్దరికీ పాత పరిచయమే. ఒకప్పుడు ఒక గోదాము కాలినప్పుడు, కరెంటు తీగల వల్లనే అని అతను ఇచ్చిన నివేదికను ఎందుకమ్మ అతని చేతే తిరగరాయించింది. అతను ఆ రోజును మరిచిపోలేదు. మరిచిపోయే అవకాశం ఆమె కూడా ఇవ్వలేదు.

“లోపలికెళ్లి వెనక గోడ చూడాలి, ఇంజనీరు గారూ.”

“కుదరదు. నా కుర్రాళ్లనే పంపని చోటికి మిమ్మల్ని పంపి, రేపు సంతాప సభలో మీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటారా? నాకు దొరకవు.”

“మీరు రోజూ వెళ్తున్నారు కదా?”

“గాజు చూడటానికి. వెళ్లి, చూసి, పరుగున వచ్చేస్తాను.”

“ఏం చూస్తారు?”

“ఇదేం ప్రశ్న? విరిగిందా, లేదా అని.”

“ఎలా విరిగిందో?”

ఇంజనీరు ముఖం గంటు పెట్టుకున్నాడు. “మేడమ్, నా ఉద్యోగంలో విరిగిన గాజుకు రకాలుండవు. విరిగితే కట్టడం ప్రమాదం. అంతే.”

“యజమాని అబద్ధం చెప్పాడు. షట్టర్ తాళం ఎవరూ ముట్టుకోలేదు. మేస్త్రి ఇంకేదో తాళం కోసం వచ్చాడు. ఆ సంగతి తేలకుండా కూల్చి, తర్వాత శిథిలాల్లో శవం దొరికితే, ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?”

అతను షట్టర్ మరల వైపు చూశాడు. రంగు నిండిన గాడిని తానూ గోటితో గీరాడు. తర్వాత ఒక హెల్మెట్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అది ఆమె కనుబొమల దాకా దిగింది.

“నేను రమ్మన్న క్షణంలో రావాలి. ‘ఎందుకు’ అని అడగకూడదు.”

“ప్రయత్నిస్తాను.”

లోపల వరండా పొడుగునా పైకప్పు నుంచి రాలిన బూడిదరంగు దుమ్ము పరుచుకుని ఉంది. దాని మీద ఒకే మనిషి బూటు గుర్తులు, పోయేవీ వచ్చేవీ. వచ్చేవాటి మధ్య ఎడం ఎక్కువ. అతను నిజంగానే పరుగున బయటికి వస్తున్నాడన్నమాట. వరండా చివర వెనక గోడ. పగులు పైమూల నుంచి ఏటవాలుగా దిగి, నడుమెత్తున గాజు పలక కింద నుంచి సాగిపోయింది. గాజు విరిగి, రెండు ముక్కలూ దేని ముద్దను అది పట్టుకుని ఉన్నాయి.

ఎందుకమ్మ హెల్మెట్ వెనక్కి నెట్టి, ముక్కు గోడకు తగిలేంత దగ్గరికి వెళ్లింది. సంచీలోంచి సన్నటి కాగితం తీసి, రెండు ముక్కల మధ్య దూర్చబోయింది. దూరలేదు.

“గోడ విచ్చుకుంటే గాజు విరిగి, ముక్కలు దూరం జరగాలి. ఇవి ముఖాలు ఆనించుకుని ఉన్నాయి.”

“ఊగి, మళ్లీ యథాస్థానానికి వచ్చి ఉండొచ్చు. చిన్న ప్రకంపనలకు అలా అవుతుంది.”

ఆమె తల ఊపింది. అభ్యంతరం సరైనదే. “పై అంతస్తులో గాజులు పెట్టలేదా?”

“పెట్టాను. రెండు.”

“విరిగాయా?”

“లేదు.”

“మేడ ఊగితే కిందకన్నా పైన ఎక్కువ ఊగాలి కదా?”

“సూత్రం నాకూ తెలుసు మేడమ్. కింది గోడ బలహీనం. బలహీనమైన చోటే ముందు విరుగుతుంది.” అయితే ఈ మాట అతను గడప దగ్గర మాట్లాడినంత ధీమాగా చెప్పలేదు.

“విరిగిన గీత చూడండి. పగులు ఇక్కడుంది. గాజు విరిగింది మాత్రం దానికి రెండు వేళ్ల పక్కన.”

అతను ముందుకు వంగాడు. తన గాజును అతను ఇంత దగ్గరగా చూడటం ఈ నాలుగు రోజుల్లో ఇదే మొదటిసారి. విరుపు ఒకే గీతలా లేదు. ఒక బిందువు నుంచి చుట్టూ చీలికలు పాకాయి. ఆ బిందువు దగ్గర, తమవైపు ముఖం మీద, పొలుసంత గాజు పెచ్చు ఎగిరిపోయింది. ఎందుకమ్మ కింద దుమ్ములో వెతికి, ఆ పెచ్చును వేలికొసకు అంటించుకుని చూపించింది.

“కాలిన ఇళ్లలో కిటికీలు లోపలివాళ్లు పగలగొట్టారా, బయటివాళ్లా అని చాలా ఏళ్లు చూశాను. దెబ్బ ఒక వైపు తగిలితే పెచ్చు రెండో వైపు ఎగురుతుంది. మన వైపు ఎగిరిందంటే దెబ్బ ఎటు నుంచి తగిలింది?”

ఇంజనీరు ఇంకా కిందికి వంగాడు. అతని కళ్లు నేల మీదున్నాయి. గోడ మొదట్లో, బూడిదరంగు దుమ్ము పైన, పిడికెడు ఎర్రటి పొడి కుప్పగా రాలి ఉంది. ఇటుక పొడి. దాని మీద దుమ్ము పడలేదు. గాజు వెనక ఇటుక చుట్టూ ఉన్న సిమెంటు పొడిపొడిగా రాలి, ఆ ఇటుక గోడ ముఖం నుంచి గోరంత ముందుకు వచ్చింది.

“ఈ గోడ మందమెంత?”

“ఒంటి ఇటుక. తర్వాత కట్టిన అడ్డుగోడ.”

“దీని వెనక ఏముంది?”

“మెట్ల కింద ఖాళీ. మట్టి నింపాడట.”

“మీరు చూశారా?”

“యజమాని చెప్పాడు.”

“మట్టి ఇటుకను కొట్టదు, ఇంజనీరు గారూ.”

బయట యంత్రం ఇంజను మోత గోడల్లోంచి సన్నగా అదురుతూ వస్తోంది. పక్క వీధిలో జనరేటరు, ఇంకా అవతల శిథిలాలు ఎత్తే బండ్లు. నాలుగు రోజులుగా పగలంతా ఇదే మోత. ఇంత మోతలో పక్కనున్న మనిషి మాట వినడమే కష్టం.

“అన్నీ ఆపించండి” అంది ఎందుకమ్మ. “ఈ యంత్రం, జనరేటరు, బండ్లు. కాసేపు చాలు.”

అతను ఎందుకని అడగలేదు. రేడియో నోటి దగ్గర పెట్టుకుని ఆజ్ఞలిచ్చాడు. ఒక్కొక్క మోతా తెగిపోయింది. ఎక్కడో చివరి బండి కూడా దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దానికి చెవులు అలవాటు పడటానికి కొంత సమయం పట్టింది.

ఎందుకమ్మ ఇటుక ముక్క తీసుకుని గోడ మీద గట్టిగా కొట్టింది.

ఏమీ లేదు.

మళ్లీ కొట్టింది. చేయి గోడకు ఆనించి ఉంచింది. ఆమెకు ఆశ లేదు, నిరాశా లేదు. ప్రయోగం చేసినవాళ్లు ఫలితం కోసం ఆగాలి కాబట్టి ఆగింది.

గోడ ఆమె అరచేతిని లోపలి నుంచి తట్టింది. నీరసంగా, మధ్యలో ఆగుతూ, కానీ తట్టింది.

ఇంజనీరు జేబులోంచి ఉలి తీసి ఆ వదులు ఇటుక అంచులో దూర్చాడు. మొదటిసారి జారింది. రెండోసారి ఇటుక పన్ను ఊడినట్టు బయటికి వచ్చింది. కన్నంలోంచి కుళ్లు వాసనా, మందుల వాసనా కలిసి వచ్చాయి. వాటి వెనకే ఎండిపోయిన గొంతు.

“ఎన్నాళ్లు కొట్టాలయ్యా? ఊళ్లో ఒక్కడికీ చెవుల్లేవా?”

“తాళాల మేస్త్రివేనా నాయనా?” అంది ఎందుకమ్మ కన్నం దగ్గర నోరు పెట్టి.

“ఇంకెవరు? పగలు మీ మిషన్ల గోల. చేతులు నొప్పి పుడుతున్నాయని పగలు కొట్టడం మానేశాను. గోల ఆగాక సుత్తి పట్టుకునేవాణ్ణి. గోడ పడగొడితే పైమెట్లు మీద పడతాయని చప్పుడు మాత్రమే చేసేవాణ్ణి.”

“ఏం తిని బతికావు?”

“తినడమా? ఇక్కడ సీసాలు తప్ప ఏమున్నాయి? అన్నీ గడువు దాటిన మందులు. పాత చీటీలు గీకేసి కొత్త చీటీలు అంటించాడు పెద్దమనిషి. గ్లూకోజు నీళ్లు దొరికాయి, తాగాను. అవీ పాతవేనేమో, ఇంకా చావలేదు.”

“నువ్విక్కడున్నట్టు ఎవరికైనా తెలుసా?”

లోపల ఏదో సీసా దొర్లిన చప్పుడైంది.

“మందులాయనకి తెలీదా ఏంటమ్మా? ఈ గది ఇనప తలుపుకి తాళం బిగించమని పిలిచిందే ఆయన. లోపల్నుంచి గడియ సరిగ్గా పడుతోందో లేదో వేసి చూడమని బయట నిలబడింది ఆయనే. నేను వేశాను. అప్పుడే ఊగింది. మెట్లు కూలి తలుపుకి అడ్డం పడ్డాయి. ఆయన పరుగెత్తిన అడుగుల చప్పుడు నాకు వినపడింది.” సుత్తి కింద పెట్టిన చప్పుడైంది. “మనుషుల్ని తీసుకురాలేదా ఆయన?”

ఇంజనీరు జట్టును పిలవడానికి రేడియో అందుకున్నాడు. ఎందుకమ్మ జవాబు చెప్పేలోపు, నేల అదిరింది.

భూకంపం కాదు. ఇంజను.

గుమ్మం అవతల మందులాయన గొంతు హెచ్చుగా వినిపిస్తోంది. “వాళ్లిద్దరూ వెనక సందులోంచి బయటికి వెళ్లిపోయారయ్యా! నేను చూశాను. కానివ్వు, కానివ్వు!”

ఇంజనీరు పరుగెత్తాడు. అతని వెనకే ఎందుకమ్మ తన వయసుకు తగిన వేగంతో గుమ్మం దాటింది. యంత్రం చెయ్యి గాల్లోకి లేచి ఉంది. దాని కింద, తాడు దాటి వచ్చి, మేస్త్రి అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“తప్పుకోమ్మా!” అని డ్రైవరు తల బయటపెట్టి అరుస్తున్నాడు.

“లోపల మా తమ్ముడున్నాడు. ముందు నన్ను దాటు.”

“దింపు! ఇంజను ఆపు!” ఇంజనీరు కేకకు డ్రైవరు అదిరిపడి తాళంచెవి తిప్పేశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మందులాయన వెనక్కి ఒక అడుగు వేశాడు. తర్వాత ఇంకొకటి. మూడో అడుగుకు తాడు దగ్గరున్న పోలీసు భుజం తగిలింది.

“నాకేం తెలుసు” అన్నాడు, ఎవరూ ఏమీ అడగకుండానే. “ఆ మందులు అన్నీ పాత స్టాకు. పారేద్దామనే ఉంచాను.”

“మందుల సంగతి మిమ్మల్ని ఎవరూ అడగలేదండీ” అంది ఎందుకమ్మ. “మనిషి సంగతి అడిగాను. సాగనంపానన్నారు.”

ఆమె అక్క దగ్గరికి వెళ్లి, మోచెయ్యి పట్టుకుంది. “లోపలికి వెళ్లకూడదు. జట్టు వచ్చి గోడ తీస్తుంది. కానీ గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిస్తే వింటాడు.”

ఆవిడ గుమ్మం దాకా వెళ్లింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

“ఒరేయ్! ఉప్పు తగ్గించి వండుతాలేరా!”

గాలింపు జట్టు పనిముట్లతో లోపలికి పరుగెత్తింది. గుడారాల వైపు నుంచి జనం తాడు దాకా తోసుకొచ్చారు. ఇస్త్రీ బండి మనిషి అందరికన్నా ముందున్నాడు.

“అంతమందిని లోపలికి పంపుతున్నారేంటి సార్? మేడ కదులుతోంది కదా! రాత్రి కూడా వీధంతా విన్నాం.”

ఇంజనీరు హెల్మెట్ తీసి, చెమట తుడుచుకున్నాడు. ఒకసారి ఎందుకమ్మ వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు. అది చెప్పవలసింది అతనే.

“మేడ నాలుగు రోజులుగా వెంట్రుకవాసి కూడా కదల్లేదు” అన్నాడు. “మీరు విన్నది లోపల మనిషి సుత్తితో గోడ కొట్టడం.”